అంచె పరుగు

పాఠశాలల ఆటలపోటీలలో రిలే పరుగు వచ్చేసరికి మైదానమంతా లేచి నిలబడుతుంది. చాలా ఏళ్ల క్రిందట అంబర్‌పేటలో అటువంటి పోటీ ఒకదానిలో గడియారం పట్టుకొని కాలం లెక్కించే పని నాకు అప్పగించినారు. ఒక జట్టులో మూడవ పిల్లవాని చేతినుండి కర్ర జారి ఎక్కడనో పడినది. వాడు వెనుకకు పరుగెత్తి దానిని తీసుకొని వచ్చేలోపల మిగిలిన జట్లు గమ్యం చేరనే చేరినవి. నాలుగవవాడు చేతులు కట్టుకొని నిలబడి, "ఇంకెందుకురా!" అన్నాడు. మూడవవాడు బదులు పలకలేదు. చాచిన చేయి చాచినట్లే ఉంచినాడు.

ఆ సాయంకాలం ఒక విద్యార్థి, "రిలేకు తెలుగేమిటండీ, మాస్టారూ?" అని అడిగినాడు. మన భాషలో ఆ మాట ఏనాటినుండో ఉన్నది. అది 'అంచె'. దారి పొడుగునా మనుష్యులనో పశువులనో మార్చుకొంటూ పోయే మజిలీకి అంచె అని పేరు. ఒకడు క్రమంగా పైకి వచ్చినాడని చెప్పడానికి 'అంచెలంచెలుగా' అంటాము గాని, ఆ మాటలో చెమటోడ్చి పరుగెత్తే మనిషి ఒకడున్నాడని మనకు స్ఫురించదు. కన్నడిగులకు నేటికీ తపాలాయే అంచె. మైసూరులో 1672లో చిక్కదేవరాజ ఒడయరు నెలకొల్పిన తపాలాకు అదే పేరు. తిరువాన్కూరులో అది 'అంచల్' అయినది.

ఈ పరుగును గూర్చి వివరంగా వ్రాసిపెట్టినవారున్నారు. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఉన్న ఇబన్ బతూతా చెప్పినదానినిబట్టి కాలిబంట్ల మజిలీలు మైలుకు మూడేసి ఉండేవి. బంటు ఒక చేత ఉత్తరమూ, రెండవ చేత గంటలు కట్టిన కర్రా పట్టుకొని పరుగెత్తేవాడు. గంటల చప్పుడు చెవిని పడగానే ముందు మజిలీలోనివాడు నడుము బిగించేవాడు. గుర్రపు టపాకంటె ఇదే వడిగలదట! సింధునుండి ఢిల్లీకి 50 దినాల ప్రయాణమైతే, వేగులవారి జాబు 5 దినాలలో సుల్తానును చేరేది.

వజ్రాలకోసం గోలకొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో వ్రాసిన సంగతి మరింత విచిత్రమైనది. రెండేసి లీగుల దూరానికొక గుడిసె. వచ్చినవాడు జాబును తరువాతివాని చేతికీయడు, గుమ్మంలో పడవేస్తాడు. చేతికీయడం అపశకునమని వారి నమ్మకం. రెండవవాడు వంగి దానిని నేలనుండి ఎత్తుకొని పరుగు తీయాలి. చీకటిలో దారి తప్పకుండా, చెట్లు లేనిచోట్ల 500 అంగలకొక రాళ్లకుప్ప పేర్చి, దానికి సున్నం కొట్టే బాధ్యత దగ్గరి గ్రామస్థులది. మా పిల్లవాని కర్ర నేల పాలైనప్పుడు ఈ ముచ్చట నాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఆంగ్లేయుల కాలంలోను బండ్లు పోలేని కొండదారులలో టపా హర్కారాల భుజాలమీదనే సాగినది.

మనం మరచిన ఈ అంచెను ఆటగా మార్చి నిలుపుకొన్నవారు జపానీయులు. వారి 'ఎకిదెన్' అన్న మాటకు మూలం కూడ రాచబాటలపై గుర్రాల మజిలీలే. 1917లో క్యోటోనుండి టోక్యోకు మొదటి ఎకిదెన్ నడిచినది. దాని వెనుక ఉన్నవారిలో కనకురి షిజో ఒకడు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఎండదెబ్బకు సొమ్మసిల్లి పరుగు మధ్యలో విడిచినవాడు. తరువాత బడిపంతులుగా పనిచేసినవాడు. అమెరికా ఖండాన్ని ఈ కొసనుండి ఆ కొసకు అంచెలుగా దాటించాలని ఆయన కోరిక. అందుకు రాకీ పర్వతాలు ఎక్కగల కాళ్లు కావాలి గదా! అందుచేతనే టోక్యో విద్యార్థులకు హకోనే కొండదారి నిర్ణయమైనది.

1920 ఫిబ్రవరిలో నాలుగే జట్లు బయలుదేరినవి. మెయిజీ, వసేదా, కెయియో విశ్వవిద్యాలయాలవి మూడు. నాలుగవది ఉపాధ్యాయులను తయారుచేసే టోక్యో ఉన్నత శిక్షణ కళాశాలది. చివరి అంచెలో మెయిజీని దాటి గెలిచినది ఈ కాబోయే పంతుళ్లే. ఈ మాట వ్రాస్తూ ఉంటే నాకు కొంచెం గర్వం కలుగుతున్నది, దాచుకోను.

నేడు ఆ పరుగు జనవరి 2, 3 తేదీలలో జరుగుతుంది. రానుపోను సుమారు 217 కిలోమీటర్లు, పదిమంది. అయిదవవానిది కొండ. 20 కిలోమీటర్లకు పైగా దూరంలో 800 మీటర్లకు మించిన ఎత్తు ఎక్కాలి. మరునాడు ఆరవవాడు అదే కొండ దిగాలి. ఎక్కడంకంటె దిగడమే మోకాళ్లకు శిక్ష. చేతికర్రకు బదులు భుజంమీదుగా వేసుకొనే 'తసుకి' అనే గుడ్డపట్టీ ఒకరినుండి ఒకరికి పోతుంది. నియమం కఠినం. మొదటి జట్టు దాటిన తరువాత, చోటునుబట్టి 10 నుండి 20 నిమిషాలలో పట్టీ రాకపోతే, తరువాతివాడు వేరే పట్టీ వేసుకొని బయలుదేరవలసినదే. బాటను ఎంతసేపని మూసి ఉంచుతారు? వెనుక ఆయాసంతో వచ్చిన పిల్లవానికి ఎదుట ఎవరూ ఉండరు. తన జట్టు పట్టీ చేతిలోనే మిగిలిపోతుంది. అక్కడనే కూలబడి ఏడ్చేవారున్నారు.

అంబర్‌పేట మైదానంలో నాలుగవవాడు చివరకు కర్ర అందుకొన్నాడు. ఖాళీ అయిన బాటలో ఒక్కడే పరుగెత్తి గీత దాటినాడు. వానికెంత కాలం పట్టినదో చెప్పలేను. అప్పటికే గడియారం ఆపివేసినాను.