అడవిబాతు రెక్కయెముకలు, కాలియెముకలు

ధర్మపురి జిల్లా తమిళనాట నున్నను అచటి పల్లెలలో తెలుగు మాట నేటికిని వినవచ్చును. పూర్వము తగడూరని ప్రసిద్ధమైన యీ సీమ 1965లో సేలమునుండి వేఱై జిల్లా యయ్యెను. 2004లో కృష్ణగిరి దీనినుండి విడిపోయెను. ఇట్టి సీమల చెఱువులలో నీరు నిలిచిన యేడు మచ్చముక్కు బాతులు చేరును. కోసిన వరిపొలములలో పెంపుడు బాతుల మందలను మేపుచు తిరుగు కాపరులును దక్షిణదేశమున కలరు. అలికిడియైనంతనే అడవిబాతు నీటినుండి నిటారుగా లేచిపోవును. పెంపుడు బాతు రెక్కలు టపటపలాడించి గట్టున పరుగెత్తును. ఈ భేదము ఎముకలలో నెంతవఱకు గలదో విచారింపదగినది.

బాతు రెక్క మనుష్యుని చేయివంటిదే. భుజమునుండి మోచేతివఱకు ఒకే యెముక; అది బోలు, దానిలోనికి గాలితిత్తి యొకటి చొచ్చియుండును. ముంజేత రెండెముకలు: అరత్ని లావు, రత్ని సన్నము. రెక్క లోపలితట్టు పెద్దయీకలు అరత్నినే అంటియుండును. మణికట్టు, అరచేతి యెముకలు పెక్కు కలిసి ఒక్కటైనవి; వ్రేళ్లు మూడే మిగిలినవి. కొసయీకలకు ఇవియే ఆధారము.

కాలి విషయమున జనులు సాధారణముగా పొరబడుదురు. బాతు మోకాలు వెనుకకు వంగునని చెప్పి చూపునది నిజమునకు చీలమండ. తొడయెముక కుఱుచ, మోకాలు ఈకల మాటుననే దాగియుండును. చీలమండకు దిగువ నున్నది పాదపుటెముకలు ఏకమై యేర్పడినది.

పెంపుడు బాతులలో పెక్కింటికి మూలమైన పచ్చతల బాతు కంకాళములను, పెంపుడు బాతుల కంకాళములను చార్లెస్ డార్విన్ తూచి చూచెను. మొత్తము కంకాళపు బరువుతో పోల్చగా పెంపుడు బాతునకు రెక్కయెముకలు తేలిక, కాలియెముకలు బరువు. ఈ సంగతిని 1859లో ప్రకటించి, 1868 నాటి గ్రంథమున విస్తరించెను. తక్కువ ఎగిరి ఎక్కువ నడచుటయే దీనికి కారణమనియు, ఆ మార్పు సంతానమునకు సంక్రమించుననియు ఆయన తలచెను. తూనిక నిలిచినది, కారణము నిలువలేదు. కమ్మరి కండబలము కొడుకునకు పుట్టుకతో రాదు. ఎముక తన జీవితకాలమున మోసిన బరువును బట్టి కొంత మాఱునన్నది నిజమే. కాని తరతరముల మార్పునకు వేఱు హేతువులు వెదకవలెను. మనుష్యుడు బరువైన బాతులనే యేఱి పెంచెను, బరువైన దేహమునకు బలమైన కాలు కావలెను. అడవిలో బలహీనపు రెక్క మృత్యువు. దొడ్డిలో దాని వలన నష్టమేమియు లేదు.

ఇచట నొక జాగ్రత్త యవసరము. మచ్చముక్కు బాతు వేఱు జాతి. మందబాతు ఎముకను దానితో పోల్చి, మార్పంతయు పెంపకము వలననే వచ్చినదనుట తగదు. పచ్చతల బాతుతోనే పోల్చవలెను. అది దక్షిణదేశమునకు అరుదుగా వచ్చును. దేహప్రమాణము వేఱైనపుడు నిడివి మాత్రమే కొలిచిన ప్రయోజనము లేదు, నిష్పత్తి చూడవలెను. పెంపుడు బాతు ఎముకలకు వంటయిల్లే చాలును. అడవిబాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది గనుక, వాని కొలతలకు ప్రదర్శనశాలలలోని కంకాళములనే ఆశ్రయింపవలెను.