మెడ కదపకుండా శ్వాసగొట్టం ఎలా వేస్తారు?

మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడే గీత కార్మికులు మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఉన్నారు. మత్తు ఇచ్చి శ్వాసగొట్టం వేసేటప్పుడు మామూలుగా తల వెనక్కి వంచుతారు. మెడ ఎముక విరిగినవారికి అలా వంచితే వెన్నుపాము నలిగి కాళ్లు చేతులు పడిపోవచ్చు. అందుకే కాలర్ ముందు భాగం విప్పి, ఒకరు రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకుంటారు. అప్పుడు 1943 నాటి మాకింతోష్ బ్లేడుతో స్వరపేటిక సరిగా కనబడదు. వీడియో లారింగోస్కోపుతో తెరపై బాగా కనబడుతుంది గానీ, కనబడినంత మాత్రాన గొట్టం లోపలికి పోదు. వంచిన కడ్డీ సాయం కావాలి. రోగి మెలకువగా ఉండి సహకరిస్తే ఫైబర్ ఆప్టిక్ స్కోపు మంచిదే. నోట్లో రక్తం ఉంటే మాత్రం దానికి దారి కనబడదు.

ఏ పరికరం వాడినా తల పట్టుకున్న చేతులు వదలకూడదు. ఆ పట్టు చెట్టు కిందే మొదలు కావాలి. పడినవారిని లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి, 108కి ఫోన్ చేయండి.