ఓపీ చీటీ ఎవరి కంట పడొచ్చు?

వేల్పూర్‌లో ఎవరికి ఎన్ని క్వింటాళ్ల పసుపు దిగింది, నిజామాబాద్ యార్డులో ఎంత ధర పలికింది అన్నది పొద్దుగూకేలోపు నలుగురికీ తెలిసిపోతుంది. అలాంటి చోట నిద్ర పట్టడం లేదని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలంటే ముందు బస్టాండులో ఎవరు ఎదురుపడతారోనన్న బెంగే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరును తిట్టుగా వాడే రాష్ట్రంలో ఆ బెంగ ఉత్తిది కాదు.

చట్టం మాత్రం రోగి పక్షానే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం జబ్బు, చికిత్స వివరాలు రహస్యంగా ఉంచడం వైద్య సిబ్బంది బాధ్యత. మినహాయింపులు ఉన్నాయి: రోగికి వైద్యం చేసే ఇతర డాక్టర్లకు, ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఎదుటివారికి హాని తప్పించడానికి, కోర్టు ఆదేశిస్తే, ప్రజల భద్రత కోసం చెప్పొచ్చు. హాని ఆపడానికి చెప్పినా, అందుకు ఎంత అవసరమో అంతే.

మరి ఇంట్లోవాళ్లు? అసలు చిక్కు ఇక్కడే. మన దగ్గర రోగి ఒక్కడే లోపలికి వెళ్లడం అరుదు; బావమరిదో, చిన్నాయనో వెంట కూర్చుంటారు, జవాబులూ వాళ్లే చెబుతారు. తన తరఫున ఎవరు నిలబడాలో రోగి తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి నామినేటెడ్ ప్రతినిధిని ఎంచుకోవచ్చు. ఆయనకైనా తన బాధ్యతకు కావలసినంతే చెబుతారు. రాయకపోతే బంధువు ఆ స్థానంలోకి రావచ్చు. ఆ కాగితం విలువ చాలామందికి తెలియదు.

గోప్యత లేకపోతే వైద్యమే దారి తప్పుతుంది. ఉదాహరణకు, అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడి, అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు ఎర్రగడ్డకు ఇలాంటి రోగులు పోటెత్తారు. ఏ దుకాణంలో, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు అన్నది దాచకుండా చెబితేనే డాక్టరుకు మందు మోతాదు తెలుస్తుంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఈ చట్టం కిందికే వస్తాయి.

కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కాక భయం రూపు మారింది. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే కౌన్సెలింగ్ సంస్థ రికార్డులు దొంగిలించినవాళ్లు 2020లో నేరుగా రోగులకే ఈమెయిళ్లు పంపి డబ్బు అడిగారు. వేలమంది అంతరంగం అంగడికెక్కింది. మన చట్టంలోని 24వ సెక్షన్ డిజిటల్ రూపంలో దాచిన వివరాలకూ వర్తిస్తుంది. రోగి ఒప్పుకోకుండా ఫొటోను మీడియాకు ఇవ్వకూడదు. అతిక్రమిస్తే మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, పది వేల వరకు జరిమానా, లేదా రెండూ.

తన కేస్ షీట్ చూసుకునే హక్కు రోగికి ఉంది. చూస్తే తీవ్ర మానసిక హాని కలుగుతుందనుకుంటే డాక్టరు కొంత భాగం ఆపొచ్చు. అప్పుడు మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చన్న సంగతి ఆ డాక్టరే చెప్పాలి.