మూడు వచనాల తర్వాత

మా పక్కింటావిడ నర్సు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా వంటకి దిగుతుంది. జీతం పడే ఏటీఎం కార్డు మాత్రం ఆయన జేబులో ఉంటుంది. పిల్ల ఫీజుకని అయిదువందలు దాచుకుందని ఆమధ్య చెయ్యి చేసుకున్నాడు. "లోబడి ఉండమని వాక్యంలోనే ఉంది కదక్కా!" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆమె బైబిలే అడిగి తెచ్చుకున్నాను. ఎఫెసీ పత్రిక, అయిదో అధ్యాయం, 22వ వచనం. అది ఆయనకి కంఠతా వచ్చట. దానికి ముందు వచనం ఒకరికొకరు లోబడమంటోంది. మూడు వచనాల తర్వాత 25లో, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అర్పించుకున్నట్టు భార్యని ప్రేమించమని భర్తకే చెప్పింది. పెళ్లిలో పాస్టరుగారు ఇదీ చదువుతారట. మగవాళ్లకి సరిగ్గా అప్పుడే దగ్గొస్తుంది కాబోలు! (మా ఇళ్లలో 'పతియే ప్రత్యక్షదైవం' అంటారు. పెద్ద తేడా ఏముంది?)

చట్టమూ మగవాడి వైపే ఉండేది. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టంలో భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటీ రుజువైతే చాలు. భార్యకి అది చాలదు, దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో కూడా చూపించాలి. 2001లో గానీ ఇది మారలేదు.

మొన్న ఇంట్లో ప్రార్థనలో ఆవిడే 25వ వచనం పైకి చదివిందట.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదక్కా. కార్డు మాత్రం ఇంకా ఇవ్వలేదు."