ప్రోటాన్ గది బయట కూర్చోవచ్చా?

"పిల్లోనికి చెన్నైలో ప్రోటాన్ థెరపీ అంటున్నారు. గది బయట కూచునే మాకు రేడియేషన్ తగలదా?" అని మా ఓర్వకల్లు అన్న ఒకాయన అడిగినాడు. మంచి డౌటే.

చెన్నై అపోలోలో 2019లో మొదలైన ప్రోటాన్ సెంటర్ దక్షిణాసియాలోనే మొదటిది. ప్రోటాన్లు గడ్డలోనే ఆగేటట్టు చూస్తారు. కానీ దారిలో అణుకేంద్రకాలను గుద్దితే న్యూట్రాన్లు బయటికి ఎగురుతాయి. వాటికి చార్జ్ ఉండదు కాబట్టి మామూలు గైగర్ మీటర్‌కు సరిగా దొరకవు.

అందుకే మందమైన ప్లాస్టిక్ దిమ్మె మధ్యలో హీలియం-3 ట్యూబ్ పెడతారు. ప్లాస్టిక్‌లోని హైడ్రోజన్ న్యూట్రాన్ల స్పీడ్ తగ్గిస్తుంది, ట్యూబ్ వాటిని లెక్కపెడుతుంది. దాంతో గోడల బయట, తలుపుల దగ్గర కొలుస్తారు. మన దేశంలో సామాన్యులకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్.

కాబట్టి అన్నా, వెయిటింగ్ హాల్లో ధైర్యంగా కూచో. ఇంకా అనుమానముంటే అక్కడి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ను రీడింగ్ ఎంతని అడుగు.