పెరటి తోటలో ఎరువు, వేరుశుద్ధి – ఏది దేనికి?

ఇంటి పెరడు చిన్నదే అయినను ఏడాది పొడవునా కూరగాయల నీయగలదు. నాలుగు వంగ మొక్కలు, రెండు బీర పాదులు, ఒక చిక్కుడు పందిరి, పదిపదునైదు టమాటా మొక్కలు ఉన్నచో సంతలో వెచ్చించు ధనము మిగులును. పిల్లల కంచములో ప్రతిదినము కూర యుండును. కాని నేడు ఈ పెరటి మీదను అంగడివారి దృష్టి పడినది. మొక్క ఏపుగా పెరుగునని, వేరు బలపడునని చెప్పి పొట్లములను, సీసాలను అమ్ముచున్నారు. బడి తోటకో, అంగన్‌వాడీ తోటకో వీనిని కొనుమని పంచాయితీ సభ్యులను కోరువారును కలరు. వీనిలో నిజముగ పనికివచ్చునవియు, అనవసరమైనవియు కలవు. వాని తారతమ్యము నెరుగుటకు ఒక్క సూత్రము చాలును. ఎరువు మొక్కకు ఆహారము. వేరుశుద్ధి వేరునకు రక్షణ. ఒకదాని పనిని రెండవది చేయజాలదు.

ఆహారమును తూచి చూతము

ఎరువులను సరిపోల్చునపుడు సంచి వెలను మాత్రమే గాక, అందలి పోషకమును గూడ చూడవలెను. సుమారు లెక్కలో, బాగుగ మాగిన పశువుల ఎరువునందు నత్రజని నూటికి అర పాలు, వేప పిండిలో 5 పాళ్ళు, వేరుశనగ పిండిలో 7 పాళ్ళు, యూరియాలో 46 పాళ్ళు ఉండును. అనగా 50 గ్రాముల నత్రజనికై పశువుల ఎరువు 10 కిలోలు, లేదా వేప పిండి 1 కిలో, లేదా వేరుశనగ పిండి సుమారు 700 గ్రాములు, లేదా యూరియా సుమారు 110 గ్రాములు కావలెను.

ఈ లెక్కను చూచి యూరియాయే మేలని తలచరాదు. అది నత్రజని తప్ప వేరొక పోషకము నీయదు. త్వరగా పనిచేసి త్వరగా తరలిపోవును. మోతాదు మించినచో లేత వేళ్ళు మాడును, ఆకు దట్టమై పూత తగ్గును, రసము పీల్చు పురుగులు చేరును. పశువుల ఎరువు నెమ్మదిగా ఆహారము నిచ్చుచు, నేలను గుల్లపరచి తేమను నిలుపును. కావున చదరపు మీటరునకు 2 నుండి 2½ కిలోల పశువుల ఎరువును నాటుటకు ముందే మట్టిలో కలిపి, పిండి ఎరువులను పూత, కాపు సమయములందు పైపాటుగ కొద్దికొద్దిగా వేయుట పెరటికి తగిన పద్ధతి.

పచ్చి పేడ, మాగని కోడి ఎరువు వేళ్ళకు హాని చేయును. ఆముదపు పిండి మంచి ఎరువే గాని పశువులకు విషము. దానిని మట్టిలో పూడ్చవలెను గాని పైన చల్లి విడువరాదు. కట్టెల బూడిద పొటాష్ నిచ్చును. కాని చౌడు నేలకు అది పనికిరాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము ద్వారా జీవామృతము పల్లెపల్లెకు పరిచితమైనది. పేడ, మూత్రము, బెల్లము, పప్పు పిండి, గుప్పెడు మట్టి కలిపి నీటిలో పులియబెట్టు ఈ ద్రవము సూక్ష్మజీవులను పెంచుటకు ఉద్దేశింపబడినది. ఇందలి పోషకముల మొత్తము స్వల్పము. నేలలో పశువుల ఎరువు, పైన ఆకుల కప్పు లేనిచో ఆ జీవులకును తిండి కరవే. కావున జీవామృతమును ఎరువునకు తోడుగ వాడవలెను గాని బదులుగ వాడరాదు.

వేరునకు వచ్చిన ఆపద ఏది?

వేరు మందు కొనుటకు ముందు, వాడిన మొక్క నొకదానిని పెరికి చూడవలెను.

నారుమడిలో మొలకలు మొదలు వద్ద మెత్తబడి వాలిపోయినచో అది నారుకుళ్ళు. ఎత్తైన మడి, పలుచని విత్తు, మితమైన నీరు దీనికి మొదటి మందు. ట్రైకోడెర్మా విరిడి అను మేలుచేయు శిలీంధ్రము రెండవది. 9 కిలోల మాగిన ఎరువు, 1 కిలో వేప పిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, తేమ చిలుకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారము పది దినములు ఉంచిన పిమ్మట మడిలో వేయవలెను.

పచ్చగనున్న వంగ, టమాటా మొక్క హఠాత్తుగ వాలినచో దాని కాండమును కోసి, గాజు గ్లాసులోని తేటనీటిలో కోసిన కొన మునుగునట్లు పట్టి చూడుడు. పాలవంటి తెల్లని ధార దిగినచో అది బాక్టీరియా ఎండు తెగులు. సోకిన మొక్కను బ్రతికించు మందు లేదు. వేళ్ళతో పెరికి నాశనము చేయవలెను, పెంటలో వేయరాదు. ఆ తావున కొన్నేండ్లు వంగ, టమాటా, మిరప మాని జొన్న, మొక్కజొన్న వంటివి వేయవలెను.

వేళ్ళపై బుడిపెలు కనిపించినచో తొందరపడరాదు. చిక్కుడు, గోరుచిక్కుడు వేళ్ళ ప్రక్కన అంటియుండి, వ్రేలితో తీసిన ఊడివచ్చు బుడిపెలు నత్రజనిని కూర్చు మేలైన బుడిపెలు. కోసిన లోపల గులాబి రంగు కనిపించును. వేరే స్వయముగ ఉబ్బి, ఊడిరానిచో అది నులిపురుగుల పని. వేప పిండి వేయుట, బంతి పెంచుట, ఎండాకాలమున తడిపిన మడిపై పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను 4 నుండి 6 వారములు కప్పుట దీనిని తగ్గించును.

నాటునపుడు లీటరు నీటిలో 10 గ్రాముల సూడోమోనాస్ పొడి కలిపి, నారు వేళ్ళను 20 నుండి 30 నిమిషములు ముంచుట కొన్ని కుళ్ళు తెగుళ్ళ నుండి రక్షణ నిచ్చును. ఇవి సజీవ పదార్థములు. గడువు దాటినను, ఎండలో నిలువ చేసినను నిష్ఫలములు. రసాయన శిలీంధ్రనాశినులతో వీనిని కలుపరాదు.

టమాటా కాయ అడుగు నల్లబడుటకు మాత్రము వేరుశుద్ధి ఎంతమాత్రము పనిచేయదు. తడి ఒకనాడు ఎక్కువై, ఒకనాడు తక్కువై, కాయకు సున్నపు ధాతువు అందకపోవుటయే దానికి సాధారణ కారణము. నీరు సమముగ పెట్టుటయే మార్గము.

మన నేలలోనే పరీక్ష

ఒకే నారును, ఒకే దినమున, మూడు వరుసలుగ నాటవలెను. మొదటి వరుసకు పశువుల ఎరువు మాత్రమే. రెండవదానికి ఎరువుతోపాటు వేప పిండి. మూడవదానికి ఎరువుతోపాటు వేరుశుద్ధి. నీరు, ఎండ అన్నిటికి సమానము. చచ్చిన మొక్కలెన్ని, కాయల తూకమెంత అని కోత కోతకు వ్రాయవలెను. మొదటి వరుస లేనిచో కొన్న సరుకు మేలు చేసినదో, వానయే మేలు చేసినదో తెలియదు. ఒక పెరటి ఫలితము చాలదు. వార్డునకు ఒక పెరటిలోను, బడి తోటలోను చేసి, లెక్కలను గ్రామసభలో చదివినచో ఊరంతటికి ఉపకరించును.

సభ్యుల కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయ విస్తరణతో కూడిన వ్యవసాయమే మొదటి అంశము. కావున ఈ సలహా నిచ్చుట సభ్యులకు అదనపు పని కాదు. ఎరువులు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వునకు లోబడినవి. జీవన ఎరువులను 2006లోను, మొక్క పెరుగుదలకని అమ్ము జీవోత్ప్రేరకములను 2021లోను దాని క్రిందికి తెచ్చిరి. తెగుళ్ళ నివారణకై అమ్ము ట్రైకోడెర్మా వంటివానికి 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము క్రింద రిజిస్ట్రేషను ఏర్పాటైనది. కావున లోపలి పదార్థము, దాని పాలు, తయారీ తేదీ, గడువు తేదీ లేని సీసాకు పంచాయితీ సొమ్ము చెల్లింపరాదు. సందేహము కలిగినచో మండల వ్యవసాయాధికారిని గాని, కృషి విజ్ఞాన కేంద్రమును గాని అడుగవలెను.

పెరటి తోటకు వెచ్చించు ధనము సాధారణముగ ఇంటి ఇల్లాలు కూడబెట్టినదై యుండును. ఆ సొమ్ము సీసాలకు గాక మాగిన ఎరువునకు, మంచి విత్తనమునకు, పందిరి గుంజలకు వెళ్ళునట్లు చూచుట మన సభ్యులు చేయదగిన ఉపకారము.