గోడ దాటే మంద్రధ్వని

అమీర్‌పేటలో ఇంటి గోడకు ఇల్లు, ఆ పక్కనే పరీక్షలకు చదువుకునే వారి హాస్టలు ఉంటాయి. ఇటువంటి చోట హోం థియేటర్ అమర్చుకునేవారు మొదట తీగల సంగతి గ్రహించాలి. ఆంప్లిఫయరు ఎరుపు కొస నుండి వచ్చే తీగ స్పీకరు ఎరుపు కొసకే చేరాలి. ఒక్క స్పీకరుకు తారుమారైనా, ఒకదాని పొర ముందుకు కదిలినప్పుడు రెండవది వెనుకకు పోయి, మంద్రస్వరాలు పరస్పరం క్షీణిస్తాయి. పాపం, నింద మాత్రం స్పీకరుదే!

అసలు చిక్కు సబ్‌వూఫర్‌తో. సుమారు 80 హెర్ట్‌జ్‌లకు దిగువ ధ్వనులు దాని వంతు. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పయనిస్తుంది. కనుక 40 హెర్ట్‌జ్‌ల తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, మన గదుల కంటె పెద్దది. మూలలో ఉంచితే మోత హెచ్చుతుంది. సన్నని స్వరాలను ఆపే గోడ దీనిని అంతగా ఆపలేదు.

2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతాలకు రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్‌ల పరిమితి విధించాయి. అయితే ఆ కొలత మన చెవి తీరును అనుసరించేది. 40 హెర్ట్‌జ్‌ల ధ్వనిని దాదాపు 35 డెసిబెల్‌లు తగ్గించి లెక్కిస్తుంది. యంత్రం సమ్మతించినా పక్కగది విద్యార్థికి నిద్ర పట్టకపోవచ్చు. సబ్‌వూఫర్‌ను మూల నుండి జరిపి, మట్టం తగ్గించి, ఒకసారి అతని తలుపు తట్టి అడిగి చూడండి.